హుంగా ఒక్కడే పోవాలి

"సముద్రం ఏ పక్కన ఉంటది?" అని అడిగింది పొజ్జే.

ఉపేంద్ర గాలిలో చేత్తో దారి గీసి చూపించాడు. మద్దేడు చుట్టుపక్కల సముద్రాన్ని కళ్లారా చూసినవాడు అతనొక్కడే. కొన్నేళ్లు విశాఖపట్నంలో బోర్డులకు రంగులేసే పని చేసి వచ్చాడు. అందుకే పొజ్జే కబురుపెట్టి మరీ పిలిపించింది. కొడుకు హుంగాను సముద్రం దాకా పంపాలని ఆమె పట్టుదల.

"భీమిలి నుంచి విశాఖకు పోతుంటే ఎడమ పక్కన పెద్దమ్మా. కుడి పక్కన కొండలు, జీడితోటలు, సరుగుడు చెట్లు."

"అడవి ఉంటదా?"

"మన అడవంత గాదు. ఉంటది."

"ఉండాలె. చెట్టు కనపడకుంటే వానికి తోచదు."

ఊరి చివర రోడ్డు పక్కన మాట్లాడుకుంటున్నారు. హుంగా భార్య ఊర్మిల కొంచెం ఎడంగా కూర్చుని ఉంది. పొద్దున్నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం వాచిపోయింది. రేపు చుట్టాలందరూ వస్తారు. మేకను తెచ్చి కట్టేశారు. ఇప్పసారా కాచి కుండల్లో పోశారు. సముద్రం సంగతి ఈ పూటే తేలిపోవాలి.

ఈ సముద్రం పిచ్చి హుంగాకు మిరపకాయ కోతల్లో పట్టుకుంది. ఏటా భద్రాచలం అవతలికి కూలికి పోయేవాడు. అక్కడ ఎవరి ఫోన్‌లోనో ఒక వీడియో చూశాడు. ఒక మనిషి ఒంటరిగా బండి మీద పోతుంటాడు. ఒక పక్క పచ్చటి కొండలు, ఇంకో పక్క నీలంగా సముద్రం. ఆ వీడియోను తన ఫోన్‌లో వేయించుకుని ఊరందరికీ చూపించాడు. చూడనన్నవాళ్లను కూడా వదల్లేదు.

"మనకు ఇంద్రావతి లేదా? ఇంకెన్ని నీళ్లు కావాలెరా నీకు?" అని పొజ్జే కసిరేది.

"అవతలి ఒడ్డు కనపడని నీళ్లు కావాలె అవ్వా" అనేవాడు హుంగా.

వచ్చే ఏడు పోతా అనేవాడు. ఒక ఏడు ఇంటి కప్పు కూలింది. ఒక ఏడు తండ్రి మంచాన పడ్డాడు. ఒక ఏడు వానలు పడలేదు. పేదవాడి కోరికకు ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది.

అయితే వీడియోలో మనిషిలా ఒంటరిగా పోతానని హుంగా ఏనాడూ అనలేదు. పెళ్లయిన కొత్తలోనే ఊర్మిలకు మాటిచ్చాడు. నువ్వు వెనక కూర్చుంటేనే బండి కదులుతుందన్నాడు. ఇప్పుడు పేచీ అంతా దాని మీదే.

"బండి సంగతి?" అని ఉపేంద్ర అడిగాడు.

"వాని డొక్కుబండి వద్దు. దాని బ్రేకులు మంచిగ లెవ్వు. కొత్తది కావాలె."

"సరే, కొత్తదే. అది నాకు వదిలెయ్."

"హెల్మెట్ ఉండాలె."

"సముద్రం గాలి తలకు తగలాలె గదా పెద్దమ్మా."

"తగలకున్నా సరే." ఆ మాట పొజ్జే గట్టిగా అనలేకపోయింది.

ఊర్మిల లేచి వచ్చింది. "అన్నా, వెనక నన్ను ఎక్కియ్యి. నేను లేకుండ ఆ సముద్రం మొకం చూడనన్నడు."

ఉపేంద్ర పొజ్జే వైపు చూశాడు. "ఎక్కిస్తే ఏమైతది? జాగ ఉంది గదా."

"జాగ ఉంటే ఎక్కాలెనా?" పొజ్జే గొంతు లేచింది. "ఒక్కడే పోతడు."

"నాకు మాటిచ్చిండు అత్తా."

"ఇస్తడు. ఇచ్చుడుకేంది? నువ్వు పోతే చేనెవరు చూస్తరు? తునికాకెవరు తెంపుతరు? నీకు ఈడ చానా పనుంది."

అత్తాకోడళ్ల మధ్య నోరు పెట్టినవాడికి రెండువైపులా తిట్లే. ఉపేంద్రకు ఆ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. అయినా ఊర్మిలను చూస్తే జాలేసింది. కన్నకొడుకు కోరిక తీర్చాలని ఇంత ఆరాటపడే మనిషి, ఆ కోరికలో సగభాగమైన పిల్లను ఇలా పక్కకు నెట్టేయడం అతనికి అన్యాయంగా తోచింది. తునికాకు ముఖ్యమా, మొగుడూ పెళ్లాలు ముఖ్యమా?

"ఆయన్ని ఒక్కన్నే పంపి నేను ఈడ ఉండి ఏం చెయ్యాలె?" అంది ఊర్మిల. "నేను గూడ పోత."

పొజ్జే ఒక్క అంగలో వచ్చి కోడలి నోరు మూసింది. కొడుతుందనే అనుకున్నాడు ఉపేంద్ర.

"ఆ మాట ఇంకోసారి అనకు. విన్నవా? నీ వంతు వచ్చినప్పుడు పోదువు గాని. ఇప్పుడు గాదు."

ఊర్మిల అత్త చేతిని విదిలించుకోవాలని చూసింది. కుదరక ఆ చేతినే పట్టుకుంది. అక్కడే నేల మీద కూలబడింది. పొజ్జే కూడా ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరిలో ఎవరికీ ఇక వాదించే ఓపిక లేదు.

"ఆయనకు భయమైతది అత్తా, ఒక్కనికి" అంది ఊర్మిల.

"అయితది" అంది పొజ్జే. "అయినా ఒక్కడే పోవాలె."

ఆమె ఉపేంద్ర వైపు తిరిగి ఇక కానిమ్మని చేయి ఊపింది.

ఉపేంద్ర నీలంరంగు డబ్బా మూత తీసి, హుంగాను పూడ్చినచోట ఆచారం ప్రకారం పాతిన నిలువెత్తు రాతి మీద, బతికుండగా అతను చూడలేకపోయిన సముద్రాన్నీ, వెనక ఎవరూ లేని కొత్త బండినీ గీయడం మొదలుపెట్టాడు.