సిమెంట్ తాతయ్య

"ఆ నవ్వు తీసేయ్‌రా. అది సిమెంట్ నవ్వు. మీ అమ్మ ఇట్టే పసిగట్టేత్తాది" అన్నాడు చిన్నాన్న పైడిబాబు.

హరికిరణ్ ఆ ముక్క కోసేశాడు. తెర మీద తవిటయ్య మళ్లీ తలెత్తి, ఈసారి నవ్వకుండా చూశాడు.

సాక్చి బజారులో బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో ఆ ఎడిటింగ్ గది. నగల దుకాణాల ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు, లోకల్ టీవీ కార్యక్రమాలు. పదకొండేళ్లుగా హరికిరణ్ అక్కడే కూర్చుని కోసి అతికిస్తున్నాడు. మూడేళ్ల కిందట ఒక సిమెంట్ ప్రకటనకి తాతయ్య వేషగాడు ఎగ్గొడితే, రైల్వేలో రిటైరైన తన తండ్రి తవిటయ్యనే తెచ్చి నిలబెట్టాడు. అప్పట్నుంచి తవిటయ్య ఆటో ఎక్కితే హిందీ డ్రైవర్లు కూడా "సిమెంట్ దాదాజీ" అని పలకరించేవారు.

ఆ షూటింగుకి తల్లి సింహాచలమ్మ కూడా క్యారియర్ పట్టుకుని వచ్చింది. షాట్‌కీ షాట్‌కీ మధ్య మొగుడూ పెళ్లాం కబుర్లాడుకున్నారు. కెమెరా ఎవరూ ఆపలేదు. పనికిరాదని పక్కన పడేసిన ఆ రెండు గంటల్లోనే ఇప్పుడు హరికిరణ్ తండ్రి మాటలు ఏరుకుంటున్నాడు.

తవిటయ్య పోయి ఇవాళ్టికి మూడో రోజు.

సింహాచలమ్మ వెల్లూరులో ఉంది, ఐసీయూలో. గుండెలో వాల్వు మార్చాలి. ఆపరేషన్ అయ్యేదాకా ఏ చెడు వార్తా ఆవిడ చెవిన పడకూడదన్నాడు డాక్టరు. రెండు స్టెంట్లున్న తవిటయ్యకి అంతదూరం ప్రయాణం వద్దని, కూతురు ఉజ్వలే తల్లిని తీసుకెళ్లింది. సోమవారం పొద్దున భాలుబాసా పేటలోని ఇంట్లో గడ్డం గీసుకుంటూ, ఒక చెంప సబ్బుతోనే ఆయన కూలబడిపోయాడు.

మార్చురీలో పనిచేసే మనిషి ఆ రెండో చెంప కూడా గీసి, తడిగుడ్డతో తుడిచి మరీ లోపల పెట్టాడు. ఎవరూ అడగలేదు. అది తలుచుకున్నప్పుడల్లా హరికిరణ్‌కి కాస్త ఊపిరాడేది.

ఉజ్వలకీ చెప్పలేదు. దాని మొహంలో ఏదీ దాగదు. తల్లి చదివేస్తుంది.

ఐసీయూలో సిగ్నల్ అందదు. చూడనిచ్చే ఐదు నిమిషాల్లో ఉజ్వల నాన్న వీడియో అమ్మకి చూపించి, అమ్మ జవాబు ఫోన్లో పట్టుకుని, బయటికొచ్చి పంపుతుంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఇప్పటికి నాలుగు జవాబులొచ్చాయి.

"ఎన్నాళ్లురా అన్నయ్యనలా మంచుపెట్టెలో పడేసి ఉంచుతావు?" అన్నాడు పైడిబాబు. "రేపు పైకెళ్లాక నన్నే తిడతాడు. నీకేటి, నువ్వు కొడుకువి."

"ఆపరేషన్ ఎల్లుండే చిన్నాన్నా. అమ్మ బతికి బయటపడనీ. ఆ తర్వాత అందరం తిట్లు తిందాం."

"తిన్నావేటి?" అని తండ్రి అన్న మాట షూటింగు అన్నం వేళ ముక్కలో దొరికింది. "నాకేటి, గుర్రంలాగున్నాను" అన్నది మేకప్ వేస్తున్నప్పటిది. వెనకున్న సిమెంట్ బస్తాలు తీసేసి ఇంటి గోడ పెట్టాడు. మూడింటికి వీడియో ఉజ్వలకి పంపేశాడు.

నాలుగున్నరకి ఉజ్వల ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"నాన్న ఎలాగున్నాడు అన్నయ్యా?"

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్. ఇప్పుడే పడుకున్నాడు."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"లేపకు. ఫోనివ్వకు. నేను మాట్లాడితే ఏడ్చేత్తాను."

హరికిరణ్ బతికిపోయాననుకున్నాడు. "అమ్మ చూసిందా వీడియో?"

"జవాబు పంపుతాను. కొంచెం టైమ్ పడుతుంది. ఆపరేషన్ వాయిదా వేశారు. నువ్వొకసారి రావాలంట. కాగితాల మీద సంతకాలున్నాయంట."

"నాన్ననొదిలేసి ఎలా వత్తానే?"

"చిన్నాన్నని ఉంచు. నాన్నకి ఏదో పనుందని చెప్పు. జల్దీ రా."

రోజూ పది నిమిషాల్లో వచ్చే జవాబు ఆరింటికి వచ్చింది. నర్సులు లోపలికి రానివ్వలేదేమో అనుకున్నాడు హరికిరణ్.

తెర నిండా సింహాచలమ్మ, మొగుణ్ని పలకరిస్తూ. ముక్కుకి గొట్టం, నుదుట చిన్న బొట్టు.

"నాకేటి, బాగున్నాను. తిన్నావేటి, కిరణ్ నాన్నా? మందులు మరిసిపోకు. బేగి వచ్చీత్తాను."

పైడిబాబు కండువాతో కళ్లొత్తుకున్నాడు. "ఒదిన గొంతు ఎంత తేటగా ఉందో సూడు. గట్టి పిండంరా. గట్టెక్కేత్తాది."

మర్నాడు తండ్రి చెప్పాల్సిన మాటలు ఎంచుకోవాలి. హరికిరణ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ విన్నాడు. అమ్మ పక్కన గుండె కొలిచే మిషన్ టిక్కుటిక్కుమంటోంది. "బాగున్నాను" తర్వాత ఒక టిక్కు తప్పింది. "మందులు" ముందు ఇంకొకటి.

హరికిరణ్ చేయి మౌస్ మీద ఆగిపోయింది.

"ఏటైందిరా?"

"అమ్మ గుండె తప్పుతోంది చిన్నాన్నా. ఆగి, మళ్లీ కొట్టుకుంటోంది."

"మరి సూత్తావేటి! ఉజ్వలకి ఫోన్ కొట్టు, డాక్టరుతో సెప్పమను!"

"ఒక్క నిమిషం. ముందూ ఇలాగే ఉందేమో చూడనీ."

పాత జవాబులు నాలుగూ తెచ్చి, ఇవాళ్టి దాని కింద వరసగా పరిచాడు. తెర మీద శబ్దం గీతల్లా, ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. పాతవాటిలో టిక్కులు గడియారంలా సాగుతున్నాయి. ఒక్కటీ తప్పలేదు. అమ్మ మాట దగ్గరికొచ్చి, పైగీతనీ కిందిగీతనీ ఒకదాని మీదికొకటి జరిపాడు. రెండూ అచ్చు గుద్దినట్టు కలిసిపోయాయి.

ఇవాళ అమ్మ అన్న ఒక్కో మాటా, ఊపిరితో సహా, ఆ నాలుగు పాత జవాబుల్లోంచి కోసి అతికించిందే.