పెద్ద మేస్త్రీ చెవి

ఆ పాత పికప్ బండి మూడోసారి షెడ్డుకు తిరిగొచ్చింది.

గేరు వేసి క్లచ్ వదిలితే అడుగున ఠక్కుమంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మళ్లీ ఠక్కు. అల్లుడు మొదటిసారి క్లచ్ ప్లేటు మార్చాడు. రెండోసారి గేరుబాక్సు విప్పి బిగించాడు. ఆ ఠక్కు మాత్రం ఇల్లరికం వచ్చినట్టు అక్కడే ఉండిపోయింది.

ఎనిమిదేళ్లుగా షెడ్డు నడుపుతున్నా, వీధిలో అందరికీ అతను పెద్ద మేస్త్రీ అల్లుడే. ఆ మామగారు పోయాకే ఈ ఇంటికి వచ్చాడు, మనిషిని చూడనైనా లేదు. చూడని మనిషితో పోలికలు మాత్రం రోజూ పడుతున్నాడు. బండి వీధి మలుపు తిరిగేలోపే దాని రోగమేమిటో ఆయన చెవి పట్టేసేదట.

బండి యజమానురాలు మొక్కల నర్సరీ ఆవిడ. ఈసారి కేకలేమీ వేయలేదు. సాయంత్రానికి చప్పుడు పోకపోతే తన ఆరు బళ్లూ ఎదుటి షెడ్డుకు పోతాయని చెప్పి వెళ్లింది. ఆ ఆరూ పోతే అల్లుడికి మిగిలేది పైన రేకులే.

వెనక చక్రాలు పైకెత్తి, సీట్లో కూర్చుని అతను గేరు వేస్తూ తీస్తూ ఉండగా ఒక ముసలివాడు లోపలికి వచ్చాడు.

ఎవరు కావాలని అడిగితే చెవి చూపించి, నోరు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత తగుదునమ్మా అని బండి కిందికి దూరాడు.

బయట కాచుకున్న డ్రైవర్లిద్దరూ నవ్వారు.

"చెవిటివాడు చప్పుడు వినడానికొచ్చాడు, అల్లుడూ," అన్నాడొకడు. "నీకంటే వాడే నయమేమో చూడు."

అల్లుడికి ఒళ్లు మండింది.

ముసలివాడు ఇంజను నుంచి వెనక్కి పోయే పొడవాటి షాఫ్టు మీద ఎడమ అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక తల బయటపెట్టి, హ్యాండ్ బ్రేకు తీయకుండా క్లచ్ కొంచెం, కొంచెమే వదలమని సైగ చేశాడు. అల్లుడు రెండుసార్లు వదిలాడు. షాఫ్టు రెండుసార్లు ఉలిక్కిపడింది. ముసలివాడి చెయ్యి వెనక జాయింటు దగ్గరికి జరిగి ఆగింది. జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడ సున్నా చుట్టాడు. మరొక్కసారి వదలమన్నాడు.

డ్రైవర్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ముసలాడిని కాస్త జడిపిస్తే సరి అనుకున్నాడు అల్లుడు. హ్యాండ్ బ్రేకు తీశాడు.

"జరుగు తాతా," అని అరిచాడు. ఎవరికి అరుస్తున్నాడో అతనికి బాగా తెలుసు.

క్లచ్ మీంచి కాలు ఒక్కసారిగా ఎత్తేశాడు. షాఫ్టు గిర్రున తిరిగింది.

నోట మాట లేని మనిషి వేసిన కేకకు డ్రైవర్ల నవ్వు ఆగిపోయింది. వాళ్లే అతన్ని ఆసుపత్రికి మోసుకుపోయారు. ఎడమ చేతి మూడు వేళ్లు పోయాయని కబురొచ్చింది.

అల్లుడు వెళ్లలేదు. సాయంత్రం దగ్గర పడుతోంది. బండి కిందికి దూరి, నెత్తురు తుడిచి, సుద్ద సున్నా ఉన్నచోట చూశాడు. జాయింటులో రెండు కొసలనూ కలిపే క్రాసు అరిగిపోయి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. గంటలో కొత్త క్రాసు వేశాడు. బండి పిల్లిలా నడిచింది.

నర్సరీ ఆవిడ బండి ఒక చుట్టు తిప్పుకొచ్చి, "మీ మామగారి చెవే నీకూ వచ్చిందయ్యా," అంది.

ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట. సిగ్గుపడకుండా పుచ్చుకున్నాడు.

ఇంట్లోకి వెళ్లి అత్తగారికి ఆ మాటే గొప్పగా చెప్పాడు. ఎవరో మూగ ముసలాడు మధ్యలో దూరి వేళ్లు పోగొట్టుకున్నాడని చివర్లో కలిపాడు.

"షాఫ్టు మీద చెయ్యి ఆనించి చూశాడా?" అని అడిగింది ఆవిడ.

"ఆ, ఎడమ చెయ్యి. తప్పు వాడిదే అత్తయ్యా, నేను అరిచాను కూడా."

ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. బయటికి పొక్కనివ్వనని భర్తకు మాటిచ్చానంది. ఇక దాచి ఏం లాభమంది.

"మీ మామయ్యకి యాభై ఏళ్లకే చెవులు పోయాయి బాబూ, మన పెదాలు చూసి మాట్లాడేవారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ ఏ బండిలో ఏ చప్పుడో ఆయనకి చెప్పింది ఆ మూగవాడి చెయ్యే."