కడుపు చెప్పని మాట

ఎండోస్కోపీ గది ముందు కుర్చీలోంచి డ్రైవింగ్ నేర్పే టీచరమ్మ విసురుగా లేచింది.

పక్క కుర్చీలోని మఫ్లరు పెద్దాయన చేతికర్రను దారికి అడ్డం పెట్టాడు.

“ఎక్కడికమ్మా?”

“ఇంటికి. పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా లేవు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. అక్కడ నా స్టూడెంట్లు ఎదురుచూస్తున్నారు.”

“మరి పరీక్ష?”

“మళ్లీ ఎప్పుడైనా చేయించుకుంటాను. కర్ర తీయండి.”

ఆయన తీయలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

మొదటిసారి పరీక్ష చేసినప్పుడే డాక్టరమ్మ చెప్పింది. “కడుపు లోపలి పొర మారిపోతోంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ అటు తిరగొచ్చు. అప్పుడప్పుడు గొట్టం వేసి చూస్తూ ఉండాలి.”

కడుపులోని క్రిములు చావడానికి మందులిచ్చింది. మందులతో మంట తగ్గింది. మంటతోపాటు భయమూ తగ్గి, రమ్మన్న తేదీకి వెళ్లకుండా ఈమె ఎగ్గొట్టేసింది. తర్వాత తేదీ దొరకడం గగనమైపోయింది.

నిన్న ఆసుపత్రి నుంచి ఫోను. “ఒకరు మానుకున్నారు మేడమ్, రేపు ఖాళీ ఉంది, వస్తారా?”

మొగుడి పోరు పడలేక వచ్చింది.

“నాకిప్పుడు మంటా లేదు, నొప్పీ లేదు బాబాయ్ గారూ! గుండ్రాయిలా ఉన్నాను.”

“కడుపు చాడీలు చెప్పదమ్మా. మనమే వెళ్లి చూసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?”

“మీరేమైనా ఈ ఆసుపత్రి ఏజెంటా?”

“అలాగే అనుకో.”

“జిడ్డులా పట్టుకున్నారే!”

“మా ఆవిడా అదే అనేది. తిట్టమ్మా, కానీ కూర్చుని తిట్టు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె మొహం మాడ్చుకుని కూలబడింది.

అంతలో నర్సు పిలిచింది. టీచరమ్మ ఆయన వైపు చూడకుండానే లోపలికి వెళ్లింది. బయటికొచ్చేసరికి ఆయన లేడు.

కడుపులో చిన్న మచ్చ బయటపడింది. కొద్దిరోజులకే డాక్టరమ్మ దాన్ని కోత లేకుండా, గొట్టంలోంచే తీసేసింది.

“సరైన సమయానికొచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే కడుపే కోయాల్సొచ్చేది. ఇకనైనా తేదీ తప్పకండి.”

“తప్పను డాక్టరుగారూ. నేనే మొండికేస్తే నన్ను కట్టేసి తెమ్మని మా ఆయనకి చెప్పండి.”

ఈ మాట ఆమె నవ్వుతూ అన్నా, మనసులో గట్టిగానే అనుకుంది. ఇక స్టూడెంట్లు, క్లాసులు, ఏవైనా సరే, ఈ తేదీ తర్వాతే.

పెద్దాయన్ని అన్న మాటలు మాత్రం ముల్లులా గుచ్చుకుంటున్నాయి. ఆయన చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పాలనిపించింది.

“సిస్టర్, ఆ మఫ్లరు బాబాయ్ గారు మళ్లీ ఎప్పుడొస్తారు?”

నర్సు తల దించుకుంది.

“ఆయన పోయిన వారం చనిపోయారు మేడమ్.”

“అయ్యో! మరి ఆ రోజు పరీక్షకు ఆగకుండానే వెళ్లిపోయారే, ఎవరికి తోడొచ్చారు?”

“మీకే. తన జబ్బు ముదిరిపోయిందని స్కానింగులో తేలాక, ‘నా తేదీ బాగుపడేవాళ్లకెవరికైనా ఇవ్వండి’ అని వదులుకుని, ఆ వచ్చినవాళ్లు పారిపోకుండా కాపలా కూర్చున్నారు.”