గాజుతొట్టి మీద దండయాత్ర

వెంకటరత్నం గారు యుద్ధం ప్రకటించారు. శత్రువు, గాలిబుడగ. రణరంగం, తెనాలిలో వారి ముందుగదిలోని మూడడుగుల గాజుతొట్టి. కాలం, పంతొమ్మిదివందల ఎనభై ఏడు ఎండాకాలం.

తొట్టిలో నాలుగు బంగారు చేపలు సంసారపక్షంగా తిరుగుతుండేవి. వాటిని ఎవరూ నిందించలేదు. నేరమంతా గాజుకు అంటుకున్న పిసరంత బుడగలది. ఎండపొడ తగలగానే అవి విజృంభించేవి. వారు తల కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు నడిచేవి. పట్టణమంతా లేచి నిలబడి నమస్కరించే మనిషిని ఇలా వెంటబడి వెక్కిరించటం వాటికి తగునా?

"లాజరూ!"

"అయ్యగారండీ."

"కనిపిస్తున్నాయా?"

"అవునండి."

"ఎన్ని?"

లాజరు తొట్టి మీదికి వంగి చూశాడు. "తమరు ఎన్నంటే అన్నండి."

"ఆదివారం దాకా గడువిస్తున్నాను. అప్పటికి ఒక్క బుడగ మిగిలినా, మర్నాటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

లాజరు వారి దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ముగ్గురు పిల్లల చదువులూ, అద్దె కొంపా ఆ జీతం మీదనే నిలబడి ఉన్నాయి. ఆ సంగతి బుడగలకు తెలియదు.

నిపుణులకు కబుర్లు వెళ్ళాయి. తొట్టి అమ్మిన జాన్ సైదా రేపల్లె నుంచి వచ్చాడు. "కొళాయి నీళ్ళల్లో గాలి ఇమిడి ఉంటుందండి. బక్కెట్లో పట్టి ఒకరోజు ఉంచి పొయ్యాలండి" అని చెప్పి, గాలి మోటారు గొట్టం చివర గాలి చిమ్మే కొత్త రాయి బిగించి వెళ్ళాడు. శత్రువు చలించలేదు.

బాపట్ల నుంచి జంతుశాస్త్రం చెప్పే జార్జి మాస్టారు భూతద్దంతో సహా వేంచేశారు. పావుగంట చూశారు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఉన్నాయంటారా?"

"లేవంటారా?" అన్నారు వెంకటరత్నం గారు.

"అబ్బెబ్బే! ఉన్నాయండి. కాకపోతే మహా సూక్ష్మం." మాస్టారు కాఫీ తాగి సెలవు తీసుకున్నారు.

లాజరు కోడి ఈకతో గాజు నలుమూలలూ నిమిరాడు. అంగలకుదురు బావి నీళ్ళు సైకిలు మీద తెచ్చి పోశాడు. కొల్లూరు నుంచి కృష్ణ నీళ్ళు డబ్బాల్లో నింపి బస్సులో తెచ్చాడు. చేపలు నాలుగు రోజుల్లో మూడు ఊళ్ళ నీళ్ళు తాగి, కదలకుండానే తీర్థయాత్ర ముగించాయి. ఇంతలో శత్రువు సరిహద్దు దాటాడు. శుక్రవారం నాటికి గోడ మీది క్యాలెండరునూ, శనివారానికి మజ్జిగ గ్లాసునూ ఆక్రమించినట్టు వెంకటరత్నం గారు వెల్లడించారు.

ఆ సాయంత్రం లాజరు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"నిజం చెప్పయ్యా," అంది భార్య రిబ్కా. "అసలు బుడగలున్నయ్యా?"

"మోటారు దగ్గర్నించి లేచేవి లేస్తున్నయ్. గాజుకి పట్టినయ్ అంటారే, అవి నాకు ఒక్కటీ కనబళ్ళేదు."

"ఆ ముక్క ఆయనతోనే చెప్పొచ్చుగా?"

"పన్నెండేళ్ళల్లో ఒక్కసారి 'కాదండి' అన్లేదే నేను. ఇప్పుడు నోరు తిరగదు."

"తిరక్కపోతే మీ మేనత్తని పిలిపించు. ఆవిడ నోటికి ఆ ఇబ్బంది లేదు."

రాత్రి ఆఖరి బస్సు కండక్టరు చేత పంపిన కబురు అందుకుని, మేనత్త అడవులదీవి పున్నమ్మ ఆదివారం మొదటి బస్సుకే దిగింది. డెబ్భై ఏళ్ళ మనిషి. అరవై ఏళ్ళుగా చేపల మధ్యనే బతుకు. తలవెంట్రుకంత దారంతో ఇప్పటికీ వల అల్లుతుంది. తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఒకసారి కలయజూసింది.

"ఏంటయ్యా, ఏవీ బుడగలు?"

"అత్తా!" అన్నాడు లాజరు.

"అత్తేంటి? ఒక్కటీ లేదు. నీళ్ళు కొబ్బరినీళ్ళల్లే ఉన్నయ్. ఆ బుల్లిచేప మొప్ప మీద నల్లమచ్చ కనబడుతుంటే, బుడగుంటే కనబడదా నాకు?"

ఆ ఇంట్లో అంతకు ముందెన్నడూ వినబడని మాట అది. లాజరు కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురు పిల్లలూ, అద్దె కొంపా ఒక్కసారిగా ఊగాయి.

వెంకటరత్నం గారు కోప్పడలేదు. లేచి వచ్చి, ముసలామె గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పారు. వారి ముఖంలో అపారమైన కరుణ.

"ఎన్నాళ్ళనుంచమ్మా నీకిట్లా?"

"ఎట్లా?"

"ఎదురుగా ఉన్నవి కనబడకపోవటం."

పున్నమ్మ నోరు తెరిచింది. వారి వెనక నుంచి లాజరు రెండు చేతులూ జోడించాడు. ఆమె మేనల్లుడి వైపు చూసింది. తెరిచిన నోటితో వేరే మాట అంది.

"చాన్నాళ్ళయిందండి."

"అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా నీకు? చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పాలి కదా! లాజరూ, బుడగలకు ఇంకో వారం గడువు. ముందు ఈవిడ సంగతి చూద్దాం. రేపు పొద్దున ఏమీ తిననివ్వకుండా తీసుకురా. పైసా ఇవ్వనక్కర్లేదు. నువ్వూ ఉండాలి, నువ్వు లేకపోతే నాకు కుదరదు."

ఉద్యోగం నిలబడింది. లాజరు నోట అలవాటైన మాటే వచ్చింది.

"అవునండి."

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, ముప్పై ఏళ్ళుగా తెనాలి చుట్టుపక్కల కంటి ఆపరేషన్లకు పేరుమోసిన డాక్టరు వెంకటరత్నం గారు, పున్నమ్మను బల్ల మీద పడుకోబెట్టి, ఆమె కుడికంటి మీదికి కత్తితో వంగారు.