బిళ్ల వాపసు

“జర ఆగు బిడ్డా, నీ బిళ్ల ఇచ్చొస్త.”

ఎల్లక్క కూతురి పతకం పట్టుకొని మళ్లీ సభ వైపు తిరిగింది. మెరిట్ స్కాలర్‌షిప్‌తో చదివిన పూర్వ విద్యార్థులకు యూనివర్సిటీ ఇందాకే సన్మానం చేసింది. ఆ చప్పట్లు జ్యోతిరాణికి ఎక్కడో దూరంగా మోగినట్టే ఉన్నాయి. కప్పిన శాలువా తీయాలని కూడా తోచలేదు.

“వాపసు ఎందుకవ్వా? అది నాకే ఇచ్చిన్రు.”

“నువ్వు చిన్నగుంటివి, నీకు యాదికుండది. బొగ్గుబాయి దిగేటోళ్లకు బిళ్ల ఇస్తరు. పైకొచ్చినంక వాపసు ఇయ్యాలె. ఇయ్యకుంటే మనిషి ఇంకా లోపల్నే ఉన్నట్టు. గా దినం మీ బాపు బిళ్ల ఒక్కటే రాలే.”



ఎల్లక్క పతకాన్ని కొంగుతో తుడిచింది.

“గిది ఇయ్యకుంటే, నువ్వు పైకొచ్చినవని వాళ్లకెట్ల తెలుస్తది బిడ్డా?”