గయ్యాళి పరీక్ష

అక్క కొడుకు ముందు నేను తోక ముడిచానని ఆఫీసంతా చెప్పుకుంటున్నారు. రేపటి ప్రదర్శనలో నా పరీక్షను నడపడానికి ఒప్పుకున్న మాట నిజం. తక్కినదంతా కల్పన.

ఆ పరీక్ష నేను రాసిన ప్రోగ్రాము. మావాడు తయారుచేసిన సర్వరును అది తానే లేపి, దాన్ని వాడుకునే కంప్యూటరులా, అంటే క్లయింటులా పలకరించి, "సందేశం అందిందా?" అని అడుగుతుంది. "అవును" అని జవాబు రాకపోతే తెరపై ఎర్రదీపం వెలిగిస్తుంది. ఇద్దరు ఒకేసారి పలకరిస్తే చాలు, మావాడి సర్వరు మూగబోయేది.

"నీ పరీక్ష గయ్యాళి అత్తగారిలా ఉంది పిన్నీ. అన్నిటికీ వంకలే!" అన్నాడు.

"వంక ఉంటే పెట్టదా నాయనా?"

మర్నాడు పచ్చదీపం వెలిగింది. అసలు సర్వరుకు బదులు, ఏమడిగినా "అవును" అనే ఉత్తుత్తి సర్వరును లేపేలా నా ప్రోగ్రామును మార్చేశాడు. పైగా, వయసు మీదపడి పిన్ని తప్పు రాస్తే తానే దిద్దానని అందరికీ చాటి, నా పేరుకు మసి పూశాడు.

ఇవాళ మళ్లీ వచ్చాడు. "కొనేవాళ్ల ముందు నువ్వే నడుపు పిన్నీ. పెద్దదానివి, నిండుగా ఉంటుంది."

"అలాగే నాయనా," అన్నాను.

వాడి ఉత్తుత్తి సర్వరును నేను ముట్టుకోలేదు. ఎవరి సలహా అడగకుండా, నా ప్రోగ్రాము క్లయింటులా వేసే ప్రశ్నను మాత్రం మార్చి ఇంటికి వచ్చాను. రేపు పెద్ద తెర మీద, జవాబుతో సహా, కొనేవాళ్లందరూ దాన్ని చదువుతారు:

"నువ్వు దొంగ సర్వరువేనా?"