సగం గడ్డం

"మా అమ్మాయి విషయంలో నీ ఉద్దేశమేంటోయ్?" కుర్చీలో కూర్చున్న గడియారాల మెకానిక్ కుర్రాడి కుడి చెంప గీస్తూ అడిగాడు సెలూన్ యజమాని.

భయానికి కుర్రాడి నోట తెలుగు పెగల్లేదు. "ఐ మీన్ బిజినెస్, అంకుల్," అన్నాడు, బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు.

చెంప మీది కత్తి గొంతు మీదికి జారి ఆగింది.

"బిజినెస్సా? నా కూతురితో వ్యాపారం చేస్తావా!"

"అయ్యో, అది కాదండీ..." కుర్రాడు గుటక మింగబోయి మానుకున్నాడు. మింగితే గొంతు తెగేలా ఉంది.

అప్పుడే తండ్రికి టీ తెచ్చిన కూతురు గుమ్మంలోంచి అరిచింది. "కత్తి తియ్యి నాన్నా! ఇది సరదా వ్యవహారం కాదు, గట్టిగానే అనుకున్నానని దానర్థం."

"నీకెలా తెలుసు?"

"ఆ మాట నేర్పింది నేనే."

ఆయన కూతురి వంక చూశాడు. ఆమె తల దించుకోలేదు. అడగాల్సిన కూతుర్ని వదిలేసి ఇంతసేపూ ఎవరి గొంతు మీద కత్తి పెట్టాడో ఆయనకప్పుడు అర్థమైంది.

కత్తి తుడిచి, మడిచి జేబులో వేసుకున్నాడు.

"మరి ఎడమ చెంప?" బిక్కమొహం వేశాడు కుర్రాడు.

"మీ అమ్మానాన్నల్ని తీసుకురా, అప్పుడు గీస్తా," అన్నాడాయన టీ కప్పు అందుకుంటూ. "ఐ మీన్ బిజినెస్."